పటంలో పడని డొంక

ప్రత్తిపాడు,
ఫిబ్రవరి 2006.

సింధూరా, నువ్వు కులాసాగా ఉన్నావనుకుని అసలు సంగతికి వస్తున్నాను.

కంప్యూటర్ పటాల మీద సర్కారు పెట్టిన డబ్బుతో ఊరికేం లాభం కలిగిందో రిపోర్టు రాయాలి, చెప్పమన్నావు. ఇప్పటికి లాభపడింది పక్క చేను నాగభూషణం ఒక్కడే. మన చేలోకి బండ్లు వెళ్లే డొంక మీ ఆఫీసువాళ్లు గీసిన పటంలో పడలేదు. అది చూసి వాడు దారికి అడ్డంగా ముళ్లకంప వేశాడు.

"ఏరా, మీ తాత బండి తోలింది కూడా ఈ దారినే కదరా?" అన్నాను.

"పటంలో చూపించు పిన్నీ, ఇప్పుడే తీసేస్తా" అన్నాడు.

కోసిన మిరపకాయలు చేలోనే ఉన్నాయి. పైన మబ్బు పట్టింది. నాకు కూర్చున్నా పడుకున్నా మనసు నిలవడం లేదు. మీవాళ్లు వచ్చి మళ్లీ కొలిచేదాకా వాన ఆగదు. రేపు పొద్దున్నే కూలీలతో వెళ్లి ఆ కంప పీకిస్తున్నాను. పోలీసు కేసయితే నీ రిపోర్టులో ఖర్చు కింద రాసుకో.

మీ అమ్మమ్మ