గాజు కెటిల్‌కు పట్టిన తెలుపు

అల్లూరు,
నవంబరు 20.

తమ్ముడు సుశీల్ కుమార్‌కు,

అక్క పుష్పకుమారి వందనాలు. ప్రభువు కృపవల్ల నేనూ మీ బావా క్షేమం. కూనూరు చలిలో నువ్వూ రెజీనా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అనే ముక్క అలవాటుకొద్దీ రాశాను. ఎంత క్షేమమో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరం నీకు పంపే పెట్టెలో పైనే పెట్టాను. పూర్తిగా చదివాకే కింద ఉన్నది విప్పు. ముందే విప్పావంటే నా మీద ఒట్టు. ఈ సంగతి ఫోన్లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి మళ్ళీ ఆపేశాను. నువ్వు "అక్కా" అన్నావంటే నేను చెప్పాల్సింది సగంలోనే వదిలేస్తాను, నువ్వేమో ఏదో ఒకటి చెప్పి నవ్వించేస్తావు. నాకిప్పుడు నవ్వాలని లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు నొప్పి తగ్గింది, నువ్వు పంపిన తైలం బాగానే పనిచేసింది. బావకు బీపీ మాత్ర మార్చారు. బళ్ళో ఈసారి మూడో తరగతి కూడా నాకే అంటగట్టారు. స్త్రీల సమాజం కూడిక పోయిన శనివారం మనింట్లోనే జరిగింది, అందరూ నీ గాజు కెటిల్ చుట్టూనే చేరారు. వేడినీళ్ళు పోయగానే లోపలి స్టీలు జాలీలోంచి ఎర్రగా తీగలు తీగలుగా టీ దిగుతుంటే ప్రార్థన మొదలుపెట్టాల్సిన ప్రేమలీల అక్క కూడా కళ్ళు మూసుకోవడం మర్చిపోయింది.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. "తెలుపు పోయిందా అక్కా?" అని రాశావు. చెబుతాను.

ఈస్టర్‌కు వచ్చినప్పుడు ఆ కెటిల్ చేతికిచ్చి ఎలా చూసుకోవాలో నువ్వే నేర్పావు. వేడి గాజు మీద చన్నీళ్ళు పోయొద్దన్నావు, ఇంతవరకూ పోయలేదు. టీ ఆకు జాలీలో నాననివ్వొద్దన్నావు, కప్పుల్లోకి వంచిన మరుక్షణమే దులిపేస్తాను. స్టీలు పీచు తగలనివ్వను. జాలీ కన్నాలకు పాత టూత్ బ్రష్షు, ముక్కులోకి నిమ్మరసం కలిపిన గుప్పెడు బియ్యం వేసి గిలకరించడం, ఆ తర్వాత మెత్తటి పంచెగుడ్డ మీద బోర్లించడం. మీ బావ చూసి "చంటిబిడ్డకు స్నానం చేయించినట్టుందే" అని ఎగతాళి చేస్తాడు. టీ వదిలే గోధుమరంగు మరక వంటసోడాతో పోతుంది. అది నాకు పెద్ద పని కాదు.

ఆగస్టు నుంచి వేరే మరక మొదలైంది. గాజు లోపల పిండి రాసినట్టు తెల్లటి పొర. సోడాకు లొంగలేదు. నీకు రాస్తే వెనిగర్ కాచి పొయ్యమన్నావు. పోసిన రోజు తళతళలాడింది, నాలుగో రోజుకు మళ్ళీ తెలుపు. సెప్టెంబరులో రాస్తే నిమ్మ ఉప్పు అన్నావు. అదీ అంతే. టీ మీద మీగడలాంటి నల్లటి తెట్టు కట్టడం, కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, ఇవన్నీ పూసగుచ్చినట్టు రాశాను. పోయిన ఉత్తరంలో నువ్వేం రాశావో నాకు కంఠతా వచ్చు. "మన ఊరి నీళ్ళు ఎప్పుడూ అంతే గదా అక్కా. ఫిల్టరు పెట్టించుకో."

ఎప్పుడూ అంతేనా? మన బావి నీళ్ళు తాగి పెరిగినవాడివి, ఆ మాట ఎలా రాయగలిగావురా?

పదిహేను రోజులు మంచినీళ్ళ ప్లాంటు నుంచి క్యాను తెప్పించి అవే నీళ్ళతో టీ పెట్టాను. కెటిల్ అద్దంలా ఉంది. మళ్ళీ బావినీళ్ళు పోశాను. రెండు రోజులకే తెలుపు. అప్పుడు, పదిహేను రోజులు మంచినీళ్ళకు అలవాటుపడ్డ నాలుక మీద బావినీళ్ళు వేసుకున్నాను. ఉప్పు.

పక్కింటి ఆదిశేషమ్మక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె నారుమడి గట్టు మీద కూర్చునుంది. నారంతా కొసలు మాడి ఎర్రబారిపోయింది. "అక్కా, బావి ఉప్పగైపోయింది, ఎవరు చేసినారీ పని?" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా టీచరమ్మా, నన్నడగతావా? కాలవ అవతల మీ ఉత్తరం పక్క కయ్యలోనే గదా రొయ్యల గుంటలు తవ్వించినారు!"

తాటితోపు వెనక రాత్రీ పగలూ గుంటల్లో నీళ్ళు చిలికే ఆ చక్రాల మోత విని, ఎవరివో గుంటలనుకున్నాను. అల్లూరు చుట్టూ ఉన్నవి గుంటలే గదా. నీ పొలం, ఆ కయ్య, వరికి కౌలుకిచ్చానని నువ్వు చెప్పావు. మోకాలి నొప్పితో నేనటువైపు పోనేలేదు. నమ్మాను. నువ్వు చెబితే నమ్మకేం?

ఆదిశేషమ్మక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. గుంటలు కౌలుకు తీసుకున్న పెంచలప్రసాద్ కుర్చీ వేయించి, "రాండి టీచరమ్మా! మీరు ఒప్పుకోబట్టే ఈ పనైంది. అక్కకి ఇష్టమేనని తమ్ముడు చెప్పినాడు" అని ఫోన్లో కాగితం తీసి చూపించాడు. ఉప్పునీళ్ళ గుంటలకు చుట్టుపక్కలవాళ్ళకు అభ్యంతరం లేదని రాసిన కాగితం. అందులో మొదటి సంతకం నాది.

ఈస్టర్ ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక. నేను కొత్త కెటిల్ మొదటిసారి కడుగుతున్నాను. "మోటారు మీటరు పేరు మార్చాలి, ఒక సంతకం పెట్టక్కా" అన్నావు. చేతులు తడిగా ఉన్నాయంటే టవలు నువ్వే అందించావు. పెన్ను మూత నువ్వే తీశావు. నా కళ్ళు కెటిల్ మీద, నా చెయ్యి కాగితం మీద.

మోసం చేశావు సుశీల్. మెత్తగా రాద్దామని చూశాను, ఇంకో మాట దొరకలేదు. పొలం నీది. రొయ్యలు వేస్తానని నోరు తెరిచి అడిగుంటే పోట్లాడేదాన్ని, శాపనార్థాలు పెట్టేదాన్ని, వారం రోజులు మాట్లాడకపోయేదాన్ని. అంతే గదా? దానికి భయపడి ఇంత పని చేస్తావా? అది కూడా పోనీ. నాలుగు నెలలుగా ఆ తెలుపు ఎక్కడినుంచి వస్తున్నదో తెలిసి తెలిసీ, దాన్ని ఎలా తోముకోవాలో నాకు రాస్తూ కూర్చున్నావే, అదే నాకు మింగుడు పడడం లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇంతవరకు మీ బావకు కూడా సగమే చెప్పాను.

గుంటల దగ్గరనుంచి వస్తూ ఆదిశేషమ్మక్కను అడిగాను, "నువ్వెందుకు ఒప్పుకున్నావక్కా, నీ నారుమడి ఆనుకునే గదా ఉంది?" అని. ఆమె బొటనవేలు చూపించింది.

"నాకు చదువొస్తాదా? టీచరమ్మ చదవకుండా పెడతాదా అనుకున్నా. నీ సంతకం చూసే గదమ్మా నేను ఏలిముద్ర ఏసింది. నా కింద ఇంకో నలుగురు ఏసినారు."

ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను, చదవకుండా సంతకం పెట్టొద్దని. నువ్వు నన్ను మోసం చేశావు, నా పేరు వాళ్ళందర్నీ మోసం చేసింది. ఆ నారుమడి మాడింది నా సంతకంతోనే.  

నిన్న మండలాఫీసులో అర్జీ ఇచ్చాను. ఏం చెప్పి నాచేత సంతకం పెట్టించారో, ఎవరు పెట్టించారో అన్నీ రాశాను. నీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను. ఇచ్చేముందు ఆదిశేషమ్మక్క వాకిట్లో ఆ ఐదుగురినీ కూర్చోబెట్టి, అక్షరం అక్షరం రెండుసార్లు చదివి వినిపించాను. విన్నాకే వేలిముద్రలు వేశారు. నిన్ను పిలిచి విచారిస్తారట. రా. మనింట్లోనే దిగు, అన్నం పెడతాను. తాగడానికి బావినీళ్ళే ఇస్తాను.

ఇప్పుడు పెట్టె విప్పు. కెటిల్ చుట్టూ పాత చీర చుట్టాను, జాలీలో కాగితం కూరాను, పగలకుండా చేరుతుంది. ఈసారి కడగలేదు. పొర అలాగే ఉంది, చూడు. పక్కన సీసాలో ఉన్నవి మన బావినీళ్ళు. గాజు చలికి బిగుసుకుని ఉంటుంది, ముందు గోరువెచ్చని నీళ్ళతో తడిపి ఆ తర్వాతే వేడివి పొయ్యి. ఆ నీళ్ళతో ఒక్క టీ పెట్టుకో. రెజీనాకు పోయకు, ఆ పిల్లకు ఇందులో పాపం లేదు. నువ్వొక్కడివే తాగు. తాగాక, ఈ తెలుపు దేనితో పోతుందో మళ్ళీ నాకు రాయి.

ఇట్లు,
రాసిందంతా మొదటినుంచి చివరిదాకా చదువుకుని సంతకం పెడుతున్న
మీ అక్క,
పుష్పకుమారి