కుప్పం మీద గెలిచాం కానీ

పుంగనూరు, నవంబరు 1996, ఆదివారం

ఈ సీజన్ మొదటి కబడ్డీ ఆటలోనే కుప్పం జట్టును ఓడించాం. పోయినేడు కప్పు కొట్టింది వాళ్ళే. మా వాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అయినా కోచ్‌గా ఈ గెలుపును ఎంతవరకు నమ్మాలో నాకు తెలియడం లేదు. కుప్పం కెప్టెన్ మునిరత్నప్ప చెయ్యి కలుపుతూ, "మావోళ్ళు సగం మంది బెంగుళూరు పనుల్లో ఉండారప్పా. వాళ్ళొచ్చినాక సూడు" అన్నాడు.

అంతకంటే పెద్ద చిక్కు బాషా. మా జట్టుకు వాడే బలం. ఈరోజు కూతకు వెళ్ళిన ప్రతిసారీ గీత దాటి, ఎవరినీ తాకకుండానే వెనక్కి వచ్చేశాడు. ఆట అయ్యాక పక్కకు పిలిచి, భుజం నొప్పిగా ఉందా అని అడిగాను. పోయినేడు మదనపల్లె వాళ్ళు పట్టినప్పుడు ఆ భుజమే విరిగింది.

"నొప్పి లేదన్నా. భయమేస్తాండాది" అన్నాడు తల వంచుకుని.

వచ్చే ఆదివారం ఆట మదనపల్లెతోనే. "అయితే ఆ ఒక్క ఆటకు కూర్చో" అన్నాను.

"కూర్చోబెట్టద్దన్నా. ఈ తూరి దిగకుంటే ఇంకెప్పుడూ దిగలేను."

కొత్తగా వచ్చిన రెడ్డెప్ప ఈరోజు బాగా ఆడాడు. బాషా బదులు కూతకు వాణ్ణి దింపితే గెలుస్తామేమో. బాషాను దింపితే, మళ్ళీ భుజం విరిగితే? దింపకపోతే వాడేమైపోతాడు? ఏదీ తేల్చుకోలేక "సరే, దిగు" అనేశాను. వాడి మొహం వెలుగుతుందనుకున్నాను. వెలగలేదు. నేను వద్దంటానని ఆశపడ్డాడేమో...