అవ్వకు అర్థమయ్యేదాకా

అవ్వా,

నువ్వు పోయి ఏడాదయింది. బిజినెస్ కాలేజీ ప్రవేశపరీక్షలో పోయినసారి నన్ను ముంచిన ఇంగ్లీషులో ఈసారి మంచి మార్కులొచ్చాయి.

ధర్మవరంలో మగ్గం మీంచి లేచి నేను ఇంగ్లీషు పత్రిక చదువుతుంటే, పట్టుదారం కండెలకు చుడుతూ నువ్వు అడిగేదానివి: "ఏం చెప్తాండాడప్పా వాడు?" తెలుగులో చెప్పేవాణ్ణి. "నాకేం తెలీలే. నీకన్నా తెలిసిందా?" అని నవ్వేదానివి. కోపమొచ్చి, నీకు అర్థమయ్యేదాకా మళ్ళీ చదివేవాణ్ణి. పోయినసారి పరీక్షకు అది వదిలేసి ఇంగ్లీషు మాటలు బట్టీపట్టి తప్పాను. ఈసారి నీలాగే నన్ను నేను అడుగుతూ చదివాను.

నిన్న ఇంటర్వ్యూలో ఒక సూటాయన ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగాడు. అనంతపురంలో ఎవరో లెక్చరరని చెప్పాను. థూ, నా బతుకు! సీటిచ్చారు.

వేలిముద్ర వేసే మా అవ్వ నేర్పిందని ఇంగ్లీషులో చెప్పడం నాకు వచ్చు అవ్వా. చెప్పలేదు.