కిటికీకి కుక్కిన బొంత

అమ్మా, నేను క్షేమం, కంగారుపడకు.

మొన్న గాలివానకి ఈ పాత హాస్టల్లో నా గది కిటికీ రెక్క ఊడి వీధిలో పడింది. పుస్తకాలు తడుస్తుంటే, నీ చీరలతో కుట్టిచ్చిన బొంత మడిచి ఆ కంతలో కుక్కాను. పుస్తకాలు దక్కాయి. వార్డెనమ్మ వచ్చి దెబ్బ తగిలిందా అని అడగలేదు సరికదా, "పురాతన భవనం, అందం చెడుతోంది, తీసెయ్" అంది! ఒళ్లు మండి, "ఆ అందాన్నే కప్పుకుని పడుకోమంటారా?" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లింది. తెల్లారేసరికి తన ఆఫీసు కిటికీ కూడా ఎగిరిపోయిందట, అలాంటి బొంత ఇంకోటి ఉందా అని కబురు! సిగ్గన్నా ఉండాలి.

నాన్న దగ్గు తగ్గిందా? అక్కని పాత చీరలు పారేయొద్దను. నాకింకో బొంత కుట్టు, అది ఇక కిటికీదే. తాతయ్యకి దండాలు.

సరే, ఆవిడకీ ఒకటి కుట్టు. బాగా వెలిసిన చీరలే వాడు.

నీ చిన్నది