మూత కింద తియ్యని చుక్క

ప్రియమైన కోడలు సువర్ణకు,

ఫోన్‌లో అయితే ఇద్దరం ఏడుస్తాం, మాట సాగదు. అందుకే రాస్తున్నాను. ఓబిలేష్ కిడ్నీ జబ్బుతో పోయినాక, "ఈ ఉప్పు బోరునీళ్ళు నా బిడ్డకు తాపను అత్తా" అని అశ్వినిని ఎత్తుకొని రాయదుర్గం పుట్టింటికి పోయినావు. తప్పనను. నేనూ కన్నకొడుకును పోగొట్టుకున్నదాన్నే.

కానీ విను! నిన్న ఎసరు మరుగుతుంటే మూత తీసినాను. మూత కింది చుక్కలు నాకి చూస్తే ఉప్పే లేదు! గిన్నెలో నీళ్ళు మాత్రం ఉప్పగానే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ నాకినాను. నువ్వు ఇంటర్ చదివినావు కదా, ఇది నిజమేనా? లేక నా నాలుకకు పిచ్చి పట్టిందా?

మనవరాలి మీద బెంగతో,
నీ అత్త రామక్క


అత్తకు సువర్ణ దండాలు.

మీ నాలుకకు ఏమీ కాలేదు. కాగితే నీళ్ళే ఆవిరై పైకి పోతాయి, ఉప్పు అడుగునే ఉండిపోతుంది. ఆ ఆవిరి చల్లబడితే మంచినీళ్ళు. కట్టెలు తగలెయ్యొద్దు, మనకు ఎండకేం కరువు? నల్ల తొట్టిలో బోరునీళ్ళు పోసి, నడుమ ఖాళీ గిన్నె పెట్టండి. పైన ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, గిన్నెకు సరిగ్గా పైన చిన్న రాయి ఉంచండి. చుక్కలు జారి గిన్నెలో పడతాయి.

ఒక సీసా పంపండి, పరీక్ష చేయిస్తాను. మంచివని తేలితేనే బిడ్డతో వస్తాను. కోపం చేసుకోవద్దు.

మీ కోడలు


బంగారు సువర్ణా,

వచ్చినాయే నీళ్ళు! పొద్దంతా తొట్టి పక్కనే కూర్చున్నాను. పక్కింటి భద్రమ్మ గోడ మీద నుంచి, "ఏమక్కా, నీళ్ళు మొలకెత్తుతాయని కాపు కాస్తాండావా?" అంది. "ఆ, మొలకెత్తుతాండాయి, రాయే చూడు!" అన్నాను. చూసి, తనూ వేలు ముంచి నాకింది.

చివరి రోజుల్లో డాక్టరు చెప్పినాడని ఓబిలేష్‌కు నీళ్ళు కొలిచి ఇచ్చినాము కదమ్మా. ఇప్పుడు వాడి ఫోటో ముందర గ్లాసు నిండా పెట్టినాను.

సీసా బస్సు కండక్టర్ ఈరన్నతో పంపుతున్నాను. ఒకటే లోటు, ఆ నీళ్ళకు రుచే లేదు, సప్పగా ఉన్నాయి. బిడ్డ ఉమ్మేస్తుందేమోనని మన బోరునీళ్ళు కాసిన్ని కలిపినాను. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉన్నాయి! తొందరగా పరీక్ష చేయించు.

దారి చూస్తూ,
రామక్క


అత్తా,

ఆ సీసా పరీక్షకు ఇవ్వలేదు. మీ ఉత్తరం చదివి పగలబడి నవ్వినాను. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన పోయినాక నా నవ్వు ఎవరూ వినలేదు. పెళ్ళైన కొత్తలో ఆయనా అంతే. మా ఇంట్లో క్యాన్ నీళ్ళు తాగి, "ఏం నీళ్ళివి? మా అమ్మ నీళ్ళకుండే రుచి ఉండాదా?" అనేవారు.

మీకు ఉత్తరాల్లో చెబితే కుదరదు. ఆదివారం బిడ్డతో వస్తున్నాను. పరీక్షలో తేలేదాకా దానికి క్యాన్ నీళ్ళు వెంట తెస్తాను. ఈసారి సీసా నేనే నింపుతాను. మీరు మాత్రం తొట్టికి దూరంగా, మీ మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని కూర్చోండి.

మీ సువర్ణ