తమ్ముడి కారు

మరిదికి,

నీ కాలెలా ఉందని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను, కట్టు విప్పారా?

తను నడుపుతున్న బస్సు బోల్తాపడ్డ రోజు నుంచీ మీ అన్నయ్య నోరు విప్పలేదు. అన్నం ముద్ద కూడా నేనే తినిపిస్తున్నాను. దిక్కుతోచక ఇవాళ అటక మీది మీ పాత కంప్యూటర్ దింపి, టీవీకి తగిలించి, ఆట క్యాసెట్ పెట్టాను. చిన్నప్పుడు మీరిద్దరూ జుట్లు పట్టుకుని మరీ ఆడిన కార్ల పందెం అది. మేడ మీంచి చూస్తున్నట్టు మెలికల రోడ్డు, గీత దగ్గర ఎర్ర కారు, నీలం కారు కనిపించాయి.

ఆయన ఎర్ర కారు జాయ్‌స్టిక్ పట్టుకున్నారు గానీ కదపలేదు. తోడుగా ఆడదామని నేను రెండోది అందుకోబోతే చెయ్యి పట్టి ఆపేశారు.

“అది తమ్ముడిది. వాణ్ణి రానీ,” అన్నారు.

పొద్దుటి నుంచీ ఆ తెర ముందే కూర్చున్నారు, ముద్ద పెడితే మొహం తిప్పుకుంటున్నారు. తప్పు బ్రేకులదని విచారణలో తేలినా ఆయనకు చెవికెక్కడం లేదు. నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది తనేనన్న దిగులు మనిషిని తినేస్తోంది.

క్షమించమని అడగను. నడవలేకపోతే నేనే కారు మాట్లాడుకుని వచ్చి తీసుకెళతాను. తిట్టడానికైనా ఒక్కసారి రా, నాయనా.

మీ వదిన