రేకుల కింద పెట్టిన ప్యాకెట్లు

పాలకొల్లు, మంగళవారం

అక్కా, మేమంతా కులాసా. ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లక ఈ కార్డు రాస్తున్నాను.

వంగమొక్కల వేళ్లకి బుడిపెలు కట్టే పురుగు తగ్గలేదన్నావని, ఎరువులో మందు నువ్వు సరిగ్గా కలపలేదంటూ మొన్న కసిరాను కదా. తప్పు నాదేనక్కా. నిన్న కూరగాయలు పండించే లాజరు గారు నా ఎరువుల కొట్టుకి వచ్చి, ఆ మందే, ట్రైకోడెర్మా ప్యాకెట్టు చేత్తో పట్టుకోగానే చెయ్యి కాలి వదిలేశారు. "ఇందులో ఉన్నవి బతికున్న జీవులండి బాబూ! రేకుల కింద పెట్టి అప్పడాల్లా వేయించేశారేంటండి?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నీకు పంపినవీ అక్కడివే.

తోటంతా పీకెయ్యకు. పూర్తిగా వాడిపోయిన మొక్కలు మాత్రం వేళ్లతో సహా తీసెయ్. చల్లని చోట ఉంచిన కొత్త ప్యాకెట్లు, వేపపిండి రేపు బస్సులో వేస్తాను. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి గోనె కప్పి, వారం ఆగి మొదళ్లలో వెయ్యి. ఈలోగా బావగారిని విషపు గుళికలు చల్లనివ్వకు.

పాపకి దగ్గు తగ్గిందా? నా గొడుగు మీ ఇంట్లోనే ఉందా?

కాపు మొదలయ్యాక వస్తాను, అప్పుడు ఎదురుగా తిట్టు. బావగారికి నమస్కారాలు. నీ తోటని, నా కొట్టుని దేవుడు చల్లగా చూడాలి.

నీ తమ్ముడు,
అచ్చిబాబు